విమానచోదకుని ముందఱి పటము



మనలో ననేకులు నేడు విమానమెక్కినవారే. కుమారుడు బెంగుళూరులోనో, కుమార్తె అమెరికాలోనో కాపురముండుటచే, అఱువదేండ్లు దాటిన పిమ్మట మొదటిసారి విమానమెక్కిన పెద్దలు మన గ్రామములందు గలరు. దూరదేశములకు బోవు విమానములలో మన ముందఱి కుర్చీ వెనుకభాగమున నొక చిన్న తెర యుండును. దానిపై నొక పటమును, ఆ పటముమీద నొక విమానపు బొమ్మయు గానవచ్చును. బొమ్మ మెల్లగా గదలుచుండును. ఇది సముద్రము, ఇది ఫలానా నగరము అని చూచుకొనుచు మనము ప్రొద్దుపుచ్చుదుము. అది ప్రయాణికుల వినోదమునకై యుంచినది. అది చెడిపోయినను ఎవ్వరికిని నష్టము లేదు.

చోదకుని ముందఱ మఱియొక పటము గలదు. నేడు నేను మీకు జెప్పదలచినది ఆ పటమును గూర్చియే. అది నేలయొక్క మిట్టపల్లములను జూపును. కొండ దగ్గఱైనపుడు రంగు మార్చును. ఇంకను దగ్గఱైనపుడు నోరు తెఱచి పలుకును. దాని పలుకు విని బ్రతికినవారు గలరు. వినక నశించినవారును గలరు.

నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. వ్యాకరణమును, కొంత తర్కమును గురుముఖమున నభ్యసించి, పాఠశాలలో తెలుగు చెప్పి, అవసరమైనపుడు భూగోళపాఠమును గూడ జెప్పి విశ్రాంతి పొందినవాడను. నాయొద్ద జదువుకొన్న విద్యార్థి యొకడు చిన్న విమానములు నడపుట నేర్చెను. ఈ మార్గదర్శక యంత్రమునకు, ఇంట గూర్చుండి యభ్యసించుటకై, కంప్యూటరుపై నడచు నమూనా యొకటి గలదు. వాడు సెలవులకు వచ్చినపుడు దానిని తెఱచి చూపి, దాని వివరణ గ్రంథమును నాచే జదివించెను. నాకు సందేహము గలిగిన చోటులందు విసుగులేక మరల మరల జెప్పెను. ఆ విధముగా దెలిసికొన్న విషయమునే మీకు విన్నవించుచున్నాను.

విమానములకు వచ్చు నపాయములు పలువిధములు. యంత్రము చెడుట యొకటి, గాలివాన మఱియొకటి. వీనిలో మిక్కిలి విచిత్రమైనది వేఱొకటి గలదు. యంత్రములన్నియు సరిగానే నడచుచుండును. రెక్కలు సరిగానే యుండును. చోదకుడు సమర్థుడు. విమానము పూర్తిగా వాని యదుపులోనే యుండును. అట్టి విమానము మబ్బులోనుండియో చీకటిలోనుండియో తిన్నగా బోయి కొండను దాకును. చివరి సెకండ్ల వఱకు లోపలివారికి ఏమియు దెలియదు.

1966వ సంవత్సరము జనవరి 24వ తేదీన మన దేశపు విమానమొకటి, ఎయిర్ ఇండియా వారి బోయింగ్ 707, బొంబాయినుండి లండనునకు బోవుచు నడుమ జినీవాలో దిగవలసి యుండెను. అది ఆల్ప్స్ పర్వతములలో మౌంట్ బ్లాంక్ అను మహాశిఖర ప్రాంతమును దాకెను. 117 మంది మరణించిరి. మన యణుశాస్త్రజ్ఞుడు హోమీ భాభా ఆ విమానములోనే యుండెను. విమానము తానున్న చోటును దెలిసికొనుటకుగల రేడియో సాధనములు రెండింటిలో నొకటి పనిచేయుట లేదు. చోదకుడు తాను శిఖరపంక్తిని దాటితినని తలచెను. నేలమీదనున్న యధికారి రాడారులో జూచి, ఇంకను దాటలేదని గ్రహించి, సంగతిని రేడియోలో దెలిపెను. ఆ మాటలు స్పష్టముగా లేనందున చోదకునకు వేఱు విధముగా దోచెను. దాటితిననుకొనుచునే యాతడు విమానమును దింపుచుండెను. విచారణసంఘము తేల్చిన విషయమిది.

ఇచ్చట మీరొక సంగతి గమనింపవలెను. మౌంట్ బ్లాంక్ ఎచ్చటనున్నదో ఆ చోదకునకు దెలియదా? బాగుగా దెలియును. దాని యెత్తును, స్థానమును ప్రతి పటమునందును వ్రాయబడియే యున్నవి. కొండ యున్న చోటు అందఱకును దెలిసినదే. విమానమున్న చోటు మాత్రము ఆ క్షణమున దానిలోనివారికి దెలియలేదు. ఈ జాతి యపాయములను గూర్చి నేను చదివిన కొలదిని ఈ యొక్క సంగతియే మరల మరల గనబడినది. కొండలు కదలవు. మనిషి తానున్న చోటును గూర్చి పొరబడును.

దీనికి మొదట గనిపెట్టిన ప్రతిక్రియ నేలవైపు జూచునట్టిది. కెనడాదేశమున బుట్టి అమెరికాలో పనిచేసిన డొనాల్డ్ బేట్‌మన్ అను నింజనీరు దానిని సిద్ధపఱచిన వారిలో ముఖ్యుడు. విమానము క్రిందినుండి రేడియో తరంగములను నేలపైకి విడిచి, అవి తిరిగి వచ్చు కాలమునుబట్టి నేలకుగల దూరమును గొలుచు సాధనము మునుపే యుండెను. ఆ దూరము మితిమీఱిన వేగముతో దఱుగుచున్నచో హెచ్చరించు యంత్రమును ఆయన గూర్చెను. 1974 డిసెంబరు 1వ తేదీన అమెరికాలో వాషింగ్టను సమీపమున దిగబోవుచున్న విమానమొకటి, అనుమతివాక్యము సరిగా బోధపడమిచే ముందుగానే దిగి, కొండను దాకి 92 మంది మరణించిరి. దాని పిమ్మట ఆ దేశప్రభుత్వము పెద్ద విమానములన్నిటికిని ఈ హెచ్చరిక యంత్రమును విధించెను.

ఆ యంత్రము మేలే చేసెను. కాని దానికొక లోపము గలదు. అది తన పాదముల క్రిందనే చూచును, ముందు చూడదు. లాంతరును మోకాలి కడ బట్టుకొని నడచువానికి అడుగు క్రింది గుంట కనబడును గాని, ఎదుటి గోడ కనబడదు. నేల క్రమముగా లేచుచు వచ్చినచో యంత్రము ముందుగా బలుకును. కొండ నిట్టనిలువుగా నున్నచో ఆలస్యముగా బలుకును. 1979 నవంబరు 28వ తేదీన న్యూజిలాండు దేశపు విమానమొకటి దక్షిణధ్రువఖండము జూడబోయిన ప్రయాణికులతో ఎరిబస్ పర్వతమును దాకెను. 257 మందిలో నొక్కడును మిగులలేదు. మార్గమును దెలుపు నంకెలను నాటి యుదయమునకు ముందే కార్యాలయమువారు మార్చిరి. ఆ మార్పు చోదకులకు జెప్పలేదు. మంచు, మబ్బు, ఆకాశము ఏకమై తెల్లగానుండుటచే కొండ కంటికి గనబడలేదు. యంత్రము కొండను దాకుటకు సుమారు 6 సెకండ్ల ముందు హెచ్చరించెను. ఆ కాలము చాలలేదు.

ఇక క్రొత్త సాధనమునకు వత్తము. దానికి మూడు విషయములు కావలెను. మొదటిది, విమానమున్న చోటు. జీ.పీ.యస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున దిరుగుచున్నవి. కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములు చేరినచో, విమానమున్న చోటును, ఎత్తును యంత్రము లెక్కగట్టును. రెండవది, భూమియొక్క మిట్టపల్లముల లెక్క. భూతలమును చిన్న చిన్న గడులుగా విభజించి, ప్రతి గడికిని దాని యెత్తును వ్రాసి యంత్రపు జ్ఞాపకములో నిలిపిరి. ఈ లెక్క సులభముగా లభింపలేదు. అనేక దేశములు తమ పటములను రహస్యముగా దాచుకొనెడివి. 1991లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైన పిమ్మట, బేట్‌మన్ బృందము వారి పటముల సమాచారమును సంపాదించెను. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అను అంతరిక్షనౌక 11 దినములు భూమిచుట్టు దిరిగి, రాడారుతో భూభాగమున నూటికి 80 పాళ్లకొలత దీసెను. మూడవది, ఈ రెండింటిని సరిపోల్చుట. ఇది యంత్రముయొక్క పని. అది సెకను సెకనుకును జరుగుచుండును.

ఈ యంత్రపు తెరమీద రెండు విధములైన పటములు కనబడును. ఈ భేదము నాకు మిక్కిలి యాసక్తి గలిగించినది. మొదటి పటము మన పాఠశాల గోడపై వ్రేలాడు పటమువంటిది. పల్లపు నేల పచ్చగాను, ఎత్తైన నేల గోధుమవన్నెగాను ఉండును. నదులు, రహదారులు, విమానాశ్రయములు కనబడును. మనము పోవలసిన దారి యొక గీతగా నుండును. నడుమ విమానపు బొమ్మ. ఇందు రంగులు కొండ యెత్తును జెప్పును. విమానము పైనున్నను క్రిందనున్నను, ఆ రంగు మాఱదు.

రెండవ పటము అట్టిది గాదు. చిన్న విమానములందు విరివిగా వాడుకలోనున్న గార్మిన్ సంస్థవారి యంత్రములలో దాని పద్ధతి యిట్లుండును. విమానముకంటె 1,000 అడుగులకు మించి క్రిందనున్న నేల నల్లగా నుండును. 1,000 అడుగులకును 100 అడుగులకును నడుమ క్రిందనున్నది పసుపుపచ్చగా నుండును. 100 అడుగుల లోపుగా క్రిందనున్నదియు, విమానముకంటె మీదనున్నదియు ఎఱ్ఱగా నుండును. ఒక ఉదాహరణము చెప్పెదను. విమానము 6,000 అడుగుల యెత్తున బోవుచున్నదనుకొనుడు. 4,800 అడుగుల కొండ నల్లగా గనబడును. 5,300 అడుగుల కొండ పసుపుపచ్చగా గనబడును. 5,950 అడుగుల కొండ ఎఱ్ఱనిది. 6,500 అడుగుల కొండయు ఎఱ్ఱనిదే. ఇప్పుడు విమానము 5,500 అడుగులకు దిగెననుకొనుడు. ఇంతవఱకు నల్లగానున్న కొండ పసుపుపచ్చనగును. పసుపుపచ్చగానున్న కొండ 200 అడుగులే క్రిందనుండును గావున రంగు మాఱకున్నను, ఇంకొక 100 అడుగులు దిగినచో అదియు నెఱ్ఱనగును. కొండ కదలలేదు, పెరుగలేదు. రంగు మాత్రము మాఱినది. ఏలన, ఈ రంగు కొండకును మనకును గల సంబంధమును జెప్పునది. పాఠశాల పటమువలె దీనిని జదువరాదు. ఒక పటమున పచ్చరంగు చూచి నిశ్చింతగా నుండువాడు, తానేపటమును జూచుచున్నాడో మొదట దెలిసికొనవలెను.

తెరను విమానముచుట్టు నంతటను జూపునట్లు పెట్టవచ్చును. లేదా ముందువైపు విసనకఱ్ఱవలె విప్పి చూపునట్లు పెట్టవచ్చును. దూరపు పరిమితిని గూడ మార్చవచ్చును. నూఱు మైళ్లు కనబడునట్లు పెట్టినచో దాపుననున్న చిన్న కొండ చుక్కయై మఱుగుపడును. రెండు మైళ్లే కనబడునట్లు పెట్టినచో, రాబోవు కొండ తెరలోనికి వచ్చునప్పటికి కాలము మించిపోవును. కావున పైకి లేచునపుడును, దిగునపుడును, కొండల నడుమ బోవునపుడును తగిన పరిమితిని బెట్టుకొని, పటమును ముందుంచుకొనుట చోదకుని పని.

పై తరగతి యంత్రములు రంగుతో నూరకుండవు. విమానము ఏ దిక్కునకు, ఏ వేగముతో, ఎక్కుచునో దిగుచునో పోవుచున్నదని లెక్కగట్టి, రాబోవు నిముషములో అది యెచ్చటనుండునో ముందుగా జూచును. సామాన్యముగా కొండను జేరుటకు నిముషము కాలముండగా పసుపు వన్నెతో హెచ్చరిక వచ్చును. అర నిముషము మిగులునప్పటికి ఎఱ్ఱని యక్షరములతో బాటు కంఠధ్వని వినవచ్చును. “టెరైన్ అహెడ్, పుల్ అప్” అనును. ముందు నేలయున్నది, పైకి లేపుము అని దాని యర్థము. ఆ మాట వినినపుడు చోదకుడు చేయవలసిన పని యొక్కటే. రెక్కలను సమముగా నుంచి, యంత్రమునకు పూర్తిబల మిచ్చి, ముక్కు పైకెత్తి, ఎక్కవలెను. ఏల పలికినది, నిజముగా పలికినదా యను మీమాంస పైకి వెళ్లిన పిమ్మట జేసికొనవచ్చును. అన్ని యంత్రములకును ఈ నోరు లేదు. రంగు మాత్రమే చూపి యూరకుండునవియు గలవు. తన విమానములోనిది ఏ తరగతిదో చోదకుడు ముందే యెఱిగియుండవలెను.

ఇంతవఱకు దాని గుణములు చెప్పితిని. ఇక దాని హద్దులు చెప్పవలెను. మన తర్కశాస్త్రమున జ్ఞానసాధనములను ప్రమాణములందురు. కంటితో జూచుట ప్రత్యక్షము. గుర్తునుబట్టి తెలిసికొనుట అనుమానము. పొగను జూచి నిప్పును దెలిసికొనుట వంటిది. నమ్మదగినవాని వాక్యము శబ్దము. మబ్బులేని పగటివేళ చోదకునకు ప్రత్యక్షము చాలును. పూర్వము మబ్బులో బోవువారు, ఇంత వేగముతో, ఇన్ని నిముషములు, ఈ దిక్కునకు వచ్చితిమి గావున ఇచ్చట నుందుమని అనుమానముచే దెలిసికొనెడివారు. ఈ పటము శబ్దప్రమాణమువంటిది. కొండను తాను జూడదు. చూచినవారు వ్రాసిపెట్టిన దానిని జెప్పును. నమ్మదగినవాడు, అనగా ఆప్తుడు, ఎవడు? ఉన్నది ఉన్నట్లెఱిగి, ఎఱిగినది ఎఱిగినట్లు చెప్పువాడు. ఈ యాప్తుడు ఎంతవఱకెఱుగును అని విచారింపవలెను.

మొదటి సంగతి, వ్రాసిపెట్టిన దానిని మాత్రమే అది యెఱుగును. కొండలు మాఱవు గావున వాని లెక్క చాలకాలము చెల్లును. కాని మనుష్యులు క్రొత్త గోపురములను, సెల్‌ఫోను స్తంభములను కట్టుచునే యుందురు. అందుచే అట్టి అడ్డంకుల పట్టికను 56 దినములకొకసారియు, దారులు, విమానాశ్రయముల పట్టికను 28 దినములకొకసారియు క్రొత్తదిగా మార్చుచుందురు. పాత పంచాంగముతో ముహూర్తము పెట్టరాదు గదా! క్రొత్త పట్టికలోను అన్ని స్తంభములు చేరవు. లోయకు అడ్డముగా గట్టిన తీగె దానికి దెలియకపోవచ్చును. కనుక పటము నల్లగా నున్నదని దారి శూన్యమని చెప్పరాదు.

రెండవ సంగతి యెత్తును గూర్చినది. చోదకుడు ఎత్తును దెలిసికొను పాత సాధనము గాలి యొత్తిడినిబట్టి చెప్పును. మిక్కిలి చలిగానున్న గాలిలో, ఆ సాధనము చెప్పినదానికంటె విమానము నిజముగా క్రిందనుండును. ఈ పటము ఉపగ్రహములవలన దెలిసిన యెత్తును వాడును. అందుచే రెండును కొన్ని వందల యడుగుల భేదముతో జెప్పవచ్చును. అది యంత్రదోషము గాదు, కొలత వేఱు. ఆ భేదము నెఱుగనివాడు రెండింటిని దప్పుబట్టును.

మూడవ సంగతి, ఉపగ్రహముల సంకేతము. అది చాలనపుడు మంచి యంత్రము తనకు దెలియదని తెరమీద స్పష్టముగా వ్రాయును. అది యాప్తలక్షణము. కాని వైరులు దొంగసంకేతములు పంపి దానిని భ్రమపెట్టవచ్చును. 2023 తరువాత యుద్ధములు జరుగు ప్రాంతముల సమీపమున ఇట్టివి మిక్కుటమైనవి. ఆకాశమున నెంతో యెత్తున బోవుచున్న విమానములందును యంత్రము “పుల్ అప్” అని యఱచిన సందర్భములు గలవు. సాక్షిని లంచముతో జెఱుపవచ్చునని మన గ్రామములలో న్యాయము జెప్పిన పెద్దలకు నేను వేఱుగ జెప్పనక్కఱ లేదు. మఱియొక ప్రక్క, సంకేతములలోని చిన్న లోపములను సవరించుటకై మన దేశమున ఇస్రో సంస్థయు, విమానాశ్రయముల ప్రాధికార సంస్థయు గలసి ‘గగన్’ అను నేర్పాటును గావించినవి. 2022 ఏప్రిలులో రాజస్థానమునందలి కిషన్‌గఢ్ విమానాశ్రయమున దాని సాయముతో ఒక ప్రయాణికవిమాన సంస్థవారు విమానమును దింపిరి.

నాల్గవది ముఖ్యమైనది. ఈ పటము కొండలను దప్పుకొనుటకు మెలకువనిచ్చునది. కొండల సందులలో దారి వెదకుటకు గాదు. మబ్బులో నెఱ్ఱని మచ్చల నడుమ నల్లని సందు కనబడినంతనే, అదియే దారియని దూరరాదు. అట్లు చేయరాదని వివరణ గ్రంథమే చెప్పుచున్నది. ప్రతి దారికిని ఇంతకు దిగరాదని నిర్ణయించిన కనీసపు టెత్తులు వేఱుగ గలవు. పటమున్నను ఆ కట్టుబాటు విడువరాదు.

పటము నిజము చెప్పినను మనిషి తప్పుగా నడుగవచ్చును. 1995 డిసెంబరు 20వ తేదీన కొలంబియా దేశమున కాలీ నగరమునకు రాత్రివేళ దిగుచున్న బోయింగ్ 757 విమానపు చోదకులు, రోజో అను రేడియోస్థానమునకు బోవదలచి, యంత్రమున ‘ఆర్’ అను నొక్క యక్షరము నొక్కిరి. ఆ యక్షరముతో యంత్రము రోమియో అను వేఱొక స్థానమును గైకొనెను. అది దూరమున బొగోటా నగరమువద్ద నున్నది. విమానము దాని వైపునకు, అనగా కొండలవైపునకు దిరిగెను. చోదకులు పొరపాటును గ్రహించి మరల ద్రిప్పిరి గాని దిగుట మానలేదు. 163 మందిలో నలుగురు మిగిలిరి. ఆ విమానమున దిగువ జూచు పాత హెచ్చరిక యంత్రమే యుండెను. ఎఱ్ఱని కొండను జూపు పటము లేదు. దారి గీతను మాత్రము చూపి కొండను జూపని పటము ఎంత ప్రమాదకరమో ఆ రాత్రి తెలియవచ్చెను. మఱుసటి సంవత్సరమునుండియే క్రొత్త యంత్రము విమానములలోనికి రాసాగెను.

ఇక చివరి రెండు కథలు. వీనియందు యంత్రముండెను, అది నిజమే పలికెను. 2010 జూలై 28వ తేదీన పాకిస్తాను దేశమున కరాచీనుండి ఇస్లామాబాదునకు వచ్చిన విమానము మర్గల్లా కొండలను దాకి 152 మంది మరణించిరి. ప్రధాన చోదకునకు 61 యేండ్లు. ఆయన ఆకాశమున 25,000 గంటలకు పైగా గడపినవాడు. విధించిన పద్ధతిని విడిచి, తాను గల్పించుకొన్న గుర్తులను యంత్రమున జేర్పించి ఆ దారిని బోయెను. యంత్రము కొండ యని మాటిమాటికి జెప్పెను. ప్రక్కన గూర్చున్న చిన్న చోదకుడు, అయ్యా ఎదుట కొండ, ఎడమకు ద్రిప్పుడు అని వేడెను. ఆ ప్రయాణము మొదటనే పెద్దవాడు చిన్నవానిని గఠినముగా మందలించియుండెనని విచారణలో దేలినది. అందుచే చిన్నవాడు చెప్పెనే గాని, చేయి చాచి విమానమును మరల్పలేకపోయెను.

రెండవది 2012 మే 9వ తేదీన ఇండోనీసియాలో జరిగినది. రష్యాదేశపు క్రొత్త సుఖోయ్ విమానమును అతిథులకు జూపుటకై యెగురవేసిరి. మబ్బులో సలక్ పర్వతము ముందు వచ్చెను. దాకుటకు 38 సెకండ్ల ముందే యంత్రము పలికెను. యంత్రపు లెక్కలో దోషముండునని తలచి చోదకుడు దాని హెచ్చరికను ఆపివేసెను. 45 మంది మరణించిరి. మొదటి హెచ్చరిక పిమ్మట 24 సెకండ్ల లోపల పైకి లేపియుండినచో తప్పించుకొనవచ్చునని విచారణసంఘము పరీక్షించి తెలిపెను. ఆ మీట యంత్రమున నేల పెట్టిరి అని మీరడుగవచ్చును. లెక్కలో జేరని చిన్న విమానాశ్రయమున పగటివేళ నేలను జూచుచు దిగునపుడు యంత్రము వృథాగా నఱచును. అట్టి వేళ దానిని ఆపుటకు బెట్టిరి. మబ్బులో నుండగా నొక్కుటకు గాదు.

కాపలాకుక్క పదిసార్లు వృథాగా మొఱిగెనని పదునొకండవసారి లేవనివాని యిల్లు దొంగలపాలగును. పదునొకండు సార్లు లేచుటవలన నష్టము నిద్ర మాత్రమే. విమానమును లేపి చూచుటవలన నష్టము కొంత యింధనము, కొంత కాలము. లేపకుండుటవలన నష్టమెంతయో ఇంతవఱకు వింటిరి.

ఈ యంత్రము వచ్చిన పిమ్మట అది గల పెద్ద విమానములు కొండలను దాకుట మిక్కిలి తఱిగినదని లోకము నంగీకరించినది. 2023లో బేట్‌మన్ కన్నుమూసెను. ఆయన పేరెఱుగని లక్షలాది ప్రయాణికులు, తమకొక గండము తప్పినదని యైన నెఱుగక, ఇండ్లకు జేరియుందురు.

మన పిల్లలు విమానమెక్కునపుడు మనము దేవునకు మ్రొక్కుదుము. అది మన ధర్మము. వారి ముందఱ గూర్చున్న చోదకుడు పటమును సరిగా జదువుట వాని ధర్మము. కాని మర్గల్లా కథ నాకు విమానములకు మాత్రము సంబంధించినదని తోచదు. అనుభవము గల పెద్దవాడు, నిజము చెప్పు సాక్షి, ప్రక్కన జూచి చెప్పు చిన్నవాడు, ఈ మువ్వురును మన యిండ్లలోను, మన పంచాయతీలలోను గలరు. నా శిష్యుడు చెప్పిన మాట యొకటి చెప్పి ముగించెదను. వాని శిక్షణలో మొదటినాడే నేర్పు నియమమట యిది: విమానమున ఎదుట కొండయని ఎవ్వడు పలికినను, పలికినవాని వయస్సును జూడరాదు, మొదట పైకి లేపవలెను. అఱువదేండ్లు దాటిన మనకును ఆ నియమము పనికివచ్చునదియే. మనలను గౌరవించు పిల్లలు మనకు భయపడి కొండను జెప్పక యూరకుండు నట్లు చేసికొనకుండుట మన చేతిలోని పని.

సెలవు.